గాటు లేని దూలం

మాచవరం,
ఆషాఢ బహుళ పంచమి.

శ్రీవారికి,

ప్రసన్నలక్ష్మి నమస్కారాలతో రాస్తున్న సంగతులు. ఇక్కడ మనుషులమందరం క్షేమం. ఇంటి సంగతి కాస్త కింద రాస్తాను, తొందరపడి చివరి పేజీ తిప్పకండి. ఆ కొండల్లో మీరు, మీతో పనిచేసే మనవాళ్లు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. మీ ఉత్తరం పోయిన శనివారం చేరింది. అరుణాచల్ నుంచి మాచవరం దాకా దారిలో పడ్డ వానలన్నిట్లో తడిసినట్టుంది, ఆరి అట్టలాగా అయి వచ్చింది. మడత విప్పడానికే భయపడ్డాను.

మీరున్న సొరంగం దగ్గర సిగ్నల్ లేకపోవడం ఒక్కోసారి మంచిదే అనిపిస్తుంది. మీరు టౌనుకు దిగి ఫోన్ చేసిన ఆదివారం ఇక్కడ ఏం జరుగుతుందో మీకు తెలియదు. అత్తయ్య నా భుజం మీద చెవి పెట్టి కూర్చుంటుంది. మీ కూతురు సుకన్య ఫోన్ లాక్కుంటుంది. మిగిలిన కాసేపట్లో మీరు ‘నూనె పూశావా’ అంటారు, నేను ‘ఆ’ అంటాను, లైను తెగిపోతుంది. ఉత్తరంలో అయితే నా మాట పూర్తయ్యేదాకా మీరు అడ్డం రాలేరు. అందుకే ఈసారి పెద్ద ఉత్తరం రాస్తున్నాను. మధ్యాహ్నం పూట, పొలం నుంచి వచ్చి, గేదెకు మేత వేసి కూర్చున్నాను. నడుము వంగనంటోంది.

ముందు మీరడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాలు వానలు పడ్డప్పటి నుంచి సలుపుతూనే ఉంది. పిడుగురాళ్ల డాక్టరు రాసిచ్చిన పూతమందు ఆమెకు నచ్చలేదు, వాసన రావడం లేదట. వాసన లేని మందు పనిచేయదని ఆమె నమ్మకం. అదే మందులో కాస్త కర్పూరం నూనె కలిపి ఇచ్చాను. ఇప్పుడు ‘మందంటే ఇదీ’ అంటూ పూటపూటకీ రాసుకుంటోంది. సుకన్యకు కాలేజీ తెరిచారు. నరసరావుపేట బస్సులో పొద్దున సీటు దొరకదు, నిలబడే పోతోంది. డిగ్రీ రెండో ఏడు కదా, చదువుతోపాటు నోరూ పెరిగింది. నాకు ఎదురు చెప్పేటప్పుడు అచ్చం మీరే. పత్తి గింజలు పెట్టాం. మొలక బాగానే వచ్చింది గానీ కలుపు నాకంటే పొద్దున్నే లేస్తోంది.

ఇక మీ అసలు ప్రశ్న. ఎన్ని ఉత్తరాల నుంచో అదే అడుగుతున్నారు, వానలకు ముందే వసారా కర్రకు నూనె పట్టించావా, స్తంభాల అడుగులు చూశావా, తలుపు సంగతేంటి అని. పట్టించానండీ. మావయ్య ఉన్నప్పుడు ఏటా రోహిణి కార్తెలో చేసిన పనే. కర్ర ఎండకు వేడెక్కి ఉన్నప్పుడే నూనె తాగుతుందని ఆయన అనేవారు. మీరు మొన్నటేడు తలుపుకు తడి ఆరకుండానే ఆకుపచ్చ రంగు వేసి పోయారు చూడండి, అది పొక్కిపోయి లోపల నీళ్లు నిలిచి కింది అంచు ఉబ్బింది. ఆ రంగంతా గీకేశాను. స్తంభాల కింద రాతి దిమ్మెల మీదికి మట్టి ఎక్కి కర్రను తాకుతుంటే గోకి తీశాను. ఇసుక కాగితంతో రుద్ది, బాగా ఎండనిచ్చి, వేటపాలెం జీడినూనెలో కాస్త టర్పెంటైన్ కలిపి పూశాను. చేతులకు ప్లాస్టిక్ కవర్లు చుట్టుకున్నా మోచేతి మీద ఒక చుక్క పడి పొక్కింది. ఆ నల్లమచ్చ ఇంకా పోలేదు.

నిజం చెప్పమంటే, అలిసిపోయానండీ. ఇల్లు ఊడిస్తే ఊడ్చినట్టు కనపడుతుంది. వంట చేస్తే తిని చెయ్యి కడుక్కునేవాళ్లు ఉంటారు. ఈ కర్ర పని అలా కాదు. చేసినందుకు ఏమీ కనపడదు, చేయకపోతేనే కనపడుతుంది. నెత్తిన గుడ్డ కట్టుకుని ఆ ఎండలో స్టూలు మీద నిలబడి రుద్దుతుంటే వీధిలో పోయేవాళ్లు ‘ఏంది ప్రసన్నా, పెళ్లా మీ ఇంట్లో’ అని అడుగుతారు. పెళ్లి లేదు, పేరంటం లేదు, మావయ్య కట్టిన వసారా ఇంకో ఏడాది నిలబడాలని రుద్దుతున్నానంటే నవ్వుతారు. మీరేమో అంత దూరం నుంచి పూశావా పూశావా అంటారు. ఒక్కసారైనా చెయ్యి ఎట్టా ఉంది అని రాయలేదు. రాయలేదని కోపం కాదు, రాస్తే బాగుండేదని.

వసారా ముందు దూలానికీ పూశాను. గాటు దాకా.

ఆ గాటు గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అయినా రాస్తాను. మీరు మీకు నచ్చినంత వరకే గుర్తు పెట్టుకున్నారేమోనని నా అనుమానం. వసారా ఇంటి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే. ముందు చూరు కింద మద్ది దూలమూ ఒకటే. మీ అన్నదమ్ముల పంపకాల్లో ఇంటి మధ్య గోడ లేచింది, వాకిట్లో కంచె పడింది, వసారాను మాత్రం చీల్చడానికి కుదరలేదు. పెద్దమనుషులు దూలం మీద సున్నంతో గీత గీసి, ‘ఇటు కోటిబాబుది, అటు వీరాంజనేయులుది’ అన్నారు. బోరు కరెంటు మీటరు మీ అన్న వీరాంజనేయులు బావగారు తన పేరు మీద పెట్టించుకున్నారని మీరప్పటికే మండిపోతున్నారు. ‘సున్నం రేపు వానకు పోద్ది’ అని లోపలికి వెళ్లి, మావయ్య ఉలీ సుత్తీ తెచ్చి, స్టూలు ఎక్కి, ఆ గీత మీదే గాటు కొట్టారు. బొటనవేలు దూరేంత లోతు. బావగారు కింద నిలబడి చూశారు. ఆనాటి నుంచి మీ ఇద్దరికీ మాటల్లేవు. మీకు లేవు కాబట్టి తోడికోడళ్లం రాజేశ్వరక్కకూ నాకూ లేవు.

అత్తయ్యను నెలకొకరు చూడాలని వంతులు వేశారు కదా. ఆమె ఏ వంతుకూ ఒప్పుకోకుండా సరిగ్గా ఆ గాటు కింద మంచం వేసుకుంది. కొన్నాళ్లు తల మనవైపు, కొన్నాళ్లు వాళ్లవైపు. ఎవరికీ లోటు రాకుండా దిండు తిప్పుకుంటుంది. పొద్దున మన ఇంటి కాఫీ, మధ్యాహ్నం అక్క వండిన అన్నం. నేను ఆ దూలానికి నూనె పూసేటప్పుడు గాటుకు బెత్తెడు ఇవతలే ఆపేదాన్ని. వాళ్లవైపు చుక్క పడితే ‘మా కర్ర నువ్వెందుకు ముట్టుకున్నావు’ అనే మాట వస్తుందని. బావగారు వాళ్లవైపు ట్రాక్టరు పాత ఇంజనాయిలు పూసేవారు. ఆయనా బెత్తెడు అవతలే ఆపేవారు. ఇన్నేళ్లూ ఆ మధ్య ముక్కకు ఎవరి నూనే అందలేదు.

అత్తయ్య దుప్పటి మీద పొడి రాలుతోందని ఎండలు ముదిరినప్పుడే మీకు రాశాను. మీ జవాబు నాకు కంఠతా వచ్చు. ‘మనవైపు ఒక సరుగుడు కర్ర ఆనించు. వాళ్లవైపు పడితే పడనీ. ఆ ఇంటి గడప తొక్కబాకు, వాళ్లతో మాట్లాడబాకు. అమ్మ మంచం లోపలికి లాగు.’ మొన్న వచ్చిన ఉత్తరంలోనూ అదే మాట. కర్ర ఆనించాను. మంచం లాగాను కూడా. నేను నీళ్లు తెచ్చేలోపల ఆమె మళ్లీ అక్కడికే లాక్కుంది.

ఆరుద్ర కార్తెలో పెద్ద వాన పడింది. అత్తయ్య మంచం మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. పైన కర్ర విరిగినట్టు ఒక చప్పుడు. నేను గడపలోంచి చూసేసరికి వాసాలు కుంగాయి, పెంకులు జారాయి. ఒక పెంకు ఆమె కాళ్ల దగ్గర పడి ముక్కలైంది. ఇటు నుంచి నేను, అటు నుంచి రాజేశ్వరక్క ఒకేసారి పరుగెత్తి చెరో రెక్క పట్టుకుని ఆమెను వాకిట్లోకి లాగాం. వానలో ముగ్గురం తడుస్తూ నిలబడ్డాం. ఎక్కడన్నా దెబ్బ తగిలిందేమోనని అక్కా నేనూ ఆమె ఒళ్లంతా తడిమి చూశాం. అత్తయ్య మాత్రం, “బియ్యం ఒలికినయ్యి, తొక్కబాకండి” అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. పెంకు ఇంకాస్త ఇవతల పడి ఉంటే మీకు నేను ఏ ఉత్తరం రాసేదాన్ని?

వడ్రంగి షఫీక్‌కి ఫోన్ చేశాను. ఇదిగో అక్కా బయల్దేరా, అదిగో అక్కా దారిలో ఉన్నా అని తిప్పించి తిప్పించి చివరికి వచ్చాడు. స్టూలెక్కి స్క్రూడ్రైవర్‌తో గుచ్చాడు. మనవైపు దిగలేదు, బావగారివైపు దిగలేదు. గాటు దగ్గర పిడి దాకా దిగిపోయింది.

“ఏందక్కా ఇది! రెండు పక్కలా ఇనుము, మధ్యలో అటుకుల మూట. చెదలు తినేసి పోయినయ్యి. ఇంకో వానకు ఆగదిది” అన్నాడు.

“ఏం చేద్దాం మరి?”

“చేసేదేముంది, మధ్యలో ఇంకో స్తంభం నిలబెట్టి రెండు ముక్కలేద్దాం. ఎవరి ముక్క వాళ్లది. గొడవుండదు. అంత పొడుగు దూలం ఈ రోజుల్లో యాడ దొరుకుద్ది?”

ఎవరి ముక్క వాళ్లది అన్న మాట చెవిన పడగానే అత్తయ్య లేచి నడుచుకుంటూ వెళ్లి గేదె పక్కన నిలబడింది. మన ఇంట్లోకీ రాలేదు, వాళ్లింట్లోకీ పోలేదు. ఆ పూట అన్నం తినలేదు, మనదీ తినలేదు, వాళ్లదీ తినలేదు. ‘ఆకలి లేదే’ అంది. ఆమెకు ఆకలి లేకపోవడం నేను కాపురానికి వచ్చాక చూడలేదు.

ఆ సాయంత్రం నేను ఆ ఇంటి గడప తొక్కాను. మీరు వద్దన్న పని. ఏం మాట్లాడానో కాసేపాగి రాస్తాను. బావగారు ఒప్పుకున్నారు. రెండు ముక్కలు కాదు, ఒకటే దూలం అన్నారు.

నరసరావుపేటలో పాత పత్తి జిన్నింగ్ మిల్లు పడగొడుతున్నారని బావగారికి ఎవరో చెప్పారు. ట్రాక్టరు కట్టుకుని వెళ్లాం. ఆయన ముందు, అక్కా నేనూ వెనక ట్రక్కులో. కూర్చోవడం కూర్చున్నాం గానీ రొంపిచెర్ల దాటేదాకా ఇద్దరం చెరోవైపు రోడ్డు చూశాం. తర్వాత అక్క కొంగులోంచి జంతికలు తీసి, “నీకిష్టమని గుర్తు” అంది. తిన్నాను. మిల్లు దగ్గర పాత టేకు దూలాలు వరసగా పడేసి ఉన్నాయి. బావగారు ఆ కొస నుంచి వేళ్ల కణుపులతో తట్టుకుంటూ, నేను ఈ కొస నుంచి తట్టుకుంటూ మధ్యకు వచ్చాం. ఎక్కడా బోలు మోత లేదు. “నీకూ బాగనే తెలుసే కర్ర సంగతి” అన్నారు. ఏటా ఆ ఎండలో రుద్దినందుకు నాకు దక్కిన మెప్పు అదొక్కటే. మీరు ఏమనుకున్నా సరే, సంతోషమేసింది.

ఇంటికి తెచ్చాక అత్తయ్య పేచీ పెట్టింది. “శూన్యమాసంలో ఇంటి మీద చెయ్యేస్తారంటరా? శ్రావణం దాకా ఆగలేరా?”

“కొత్తిల్లు కడతన్నామా అమ్మా? పడిపోయేదాన్ని నిలబెడతన్నాం. శ్రావణం దాకా అది ఆగొద్దూ?” అన్నారు బావగారు. ఆమె గొణుక్కుంటూ దేవుడి పటం ముందు దీపం పెట్టి వచ్చి, మంచం తీయడానికి మాత్రం ఒప్పుకుంది.

వాన తెరిపిచ్చిన రోజు చూసుకుని పని మొదలుపెట్టాం. పెంకులు దించి, బావగారి ట్రాక్టరు జాకీలు పెట్టి వాసాలు ఎత్తి పట్టి, షఫీక్ పాత దూలాన్ని దించాడు. నేల మీద పడగానే గాటులోంచి ఒక మట్టి ముద్ద ఊడి దొర్లింది. పేడా మట్టీ కలిపి అద్ది, ఎండి రాయిలాగా అయింది. విరిచి చూస్తే లోపలంతా చెదల దారులు.

“ఇదెవరి పనిరా నాయనా! కర్రలో మట్టి కూరతారా ఎవరన్నా? ఏటా వానకు తడుస్తా ఉంటే చెదలు రాక ఏం వస్తయ్యి?” అన్నాడు షఫీక్.

నేను బావగారివైపు చూశాను, బావగారు నావైపు చూశారు. ఒకరినొకరు అనుమానించుకునేలోపల అత్తయ్య అంది, “నేనే కూరా.”

అందరం ఆమెవైపు తిరిగాం.

“పడుకుంటే కంటికెదురుగా అదే గదరా. నిద్ర పట్టేది కాదు. ప్రతి పండక్కీ అలుక్కునేటప్పుడు కాస్త ముద్ద తీసి మంచమెక్కి పూడ్చుకునేదాన్ని. పూడిస్తే కనపడదు గదా అని. కర్రకు చెడుపని నాకేం తెలుసు?”

బావగారు కండువాతో మొహం తుడుచుకుని జాకీ సరిచేసే వంకతో అటు తిరిగిపోయారు. నేను ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఎంత బాధపడి ఉంటుందో కదా అని ఆ రోజంతా అనిపిస్తూనే ఉంది. మీ ఉలి పడింది దూలం మీదే అనుకున్నాం మనమంతా.

గాటున్న ముక్కను కోయించి పొయ్యిలో పెట్టమని అత్తయ్యే చెప్పింది. తడి ముక్క, మంట రాదు, పొగ ఒకటే. రెండిళ్లలోనూ నిండిపోయింది. అందరం దగ్గుతూ బయటికి పరుగెత్తాం. అక్క నవ్వింది, నేనూ నవ్వాను. ఎట్టాగో ఆ పొయ్యి మీదే నీళ్లు కాచి అత్తయ్యకు తలంటు పోశాం.

కొత్త దూలాన్ని ఎక్కించే ముందే నాలుగు వైపులా నూనె పట్టించాం. ఎక్కించాక పైభాగం చెయ్యందదు కదా. కొసలు ఎక్కువ తాగుతాయి, అక్కడ తాగినంత పోశాం. డబ్బా ఒకటే, బ్రష్షులు రెండు. అక్క ఆ కొస నుంచి, నేను ఈ కొస నుంచి. మధ్యకు వచ్చాక నా చెయ్యి దానంతటదే ఆగిపోయింది. అలవాటు. అక్క ఆగకుండా పూసుకుంటూ నా వేళ్ల దాకా వచ్చి, “జరుగు” అంది. ఇప్పుడు చూరు అంచున రేకు కూడా కొట్టించాం, వాన నీళ్లు దూలం మీదికి రాకుండా ముందుకు పడతాయి. అత్తయ్య మంచం మళ్లీ మధ్యలోకే వచ్చింది. పొడి రాలడం లేదు.

ఇప్పుడు ఇందాక ఆపుకున్న మాట. బావగారు ఎట్టా ఒప్పుకున్నారా అని మీరు ఈపాటికి అనుకుంటూనే ఉంటారు. ఇది రాయడానికి పెన్ను రెండుసార్లు కింద పెట్టాను.

ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి ఆయన కొట్టంలో పలుపుతాడు పేనుతున్నారు. దూలం సంగతి చెప్పాను. తలెత్తకుండానే, “వాడికి తెలుసా?” అన్నారు.

“తెలుసు బావగారూ.”

“ఏమన్నాడు?”

అక్కడ నిజం చెప్పి ఉంటే, వాళ్లవైపు పడితే పడనీ అన్నారు అని చెప్పాలి. గుమ్మంలో నిలబడ్డ అక్క కూడా వింటోంది. గేదె పక్కన నిలబడ్డ అత్తయ్య నా కళ్లలోనే ఉంది. నేను అన్నాను, “ఉత్తరం రాశారు బావగారూ. అన్నని అడుగు, అన్న ఎట్టంటే అట్ట చెయ్యి, ముక్కలొద్దు, ఒకటే దూలం వేయించమను అని రాశారు. ఆ రోజు ఆ గాటు పెట్టకుండా ఉండాల్సింది అని కూడా రాశారు.”

మీరు రాయలేదు. ఏ ఉత్తరంలోనూ రాయలేదు, ఏ ఫోన్‌లోనూ అనలేదు. అంతా నేనే కల్పించాను. కల్పించేటప్పుడు నోరు తడబడలేదు కూడా, అదే నాకు భయమేసింది.

ఆయన చేతిలో తాడు అట్టాగే ఉండిపోయింది. “వాడు అట్టన్నాడా” అన్నారు. తాడు పక్కన పడేసి మళ్లీ, “చిన్నోడు అట్టన్నాడా” అన్నారు. తర్వాత గుమ్మం వైపు కేకేశారు, “ఏమే, విన్నావా? కోటి ఉత్తరం రాశాడంట.” ఆయన గొంతు అట్టా ఉండటం మావయ్య పోయినప్పుడు తప్ప నేను వినలేదు. తర్వాత ఆయనే చెప్పారు. మీటరు తన పేరు మీద పెట్టించింది ఆ రోజు ఆఫీసులో మీ ఆధార్ కార్డు దగ్గర లేకనేనట. ఇంటికి వచ్చి చెబుదామనుకునేలోపల మీరు అరుపులు మొదలుపెట్టారట, తర్వాత ఉలి తెచ్చారట, ఇక చెప్పబుద్ధి కాలేదట. నిజమో కాదో నాకు తెలియదు. అడిగి తేల్చుకునే ఓపిక కూడా లేదు.

చిన్నోడు ఉత్తరం రాశాడని అత్తయ్య వీధి వీధంతా చెప్పుకుంటోంది. ఆ ఉత్తరం చదివి వినిపించమని సుకన్య అడిగింది. భార్యాభర్తల ఉత్తరం నీకెందుకే అని కసిరాను. బావగారు రోజూ కంచె దగ్గరికి వచ్చి, “ఈ ఆదివారమేనా అమ్మా వాడు ఫోన్ చేసేది? ఈసారి నాకియ్యి” అంటున్నారు. ఆ ఆదివారం పొలం పనే పెట్టుకోనన్నారు. అందుకే ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. మీ జట్టులో పనిచేసే మోయిన్ సెలవు అయిపోయి బయల్దేరుతున్నాడు, అతని చేతికిచ్చి పంపుతున్నాను. ఫోన్ చేయడానికి టౌనుకు దిగేలోపల మీ చేతికివ్వాలని ఒట్టు పెట్టించుకున్నాను.

ఫోన్‌లో మీరు ‘నేనెప్పుడన్నాను’ అంటే నేను అబద్ధాలకోరునని తేలిపోతుంది. అది పర్వాలేదు, ఇన్ని మోశాను, అదీ మోస్తాను. కానీ ఆయన మొహం ఏమవుతుందో, అత్తయ్య మళ్లీ అన్నం ఎప్పుడు మానేస్తుందో, అది మాత్రం నేను మోయలేను. క్షమించమని అడగడం లేదు. మీ మాట కాదని ఆ గడప తొక్కాను, మీరు అనని మాట మీ నోట పెట్టాను, రెండూ తెలిసే చేశాను. మీ మనసులో ఆ మాట లేదా అంటే, ఉందనే అనుకుంటున్నాను. లేకపోతే ఆ సొరంగంలో అంత కష్టపడుతూ ప్రతి ఉత్తరంలోనూ ఈ కర్ర గురించే ఎందుకు అడుగుతారు?

ఏటా రోహిణి కార్తెలో నూనె పూస్తాను. పొక్కులొచ్చినా పూస్తాను, నడుము పడిపోయినా పూస్తాను. బెత్తెడు ఇవతల ఆపడం మాత్రం ఇక నా వల్ల కాదు.

కొత్త దూలానికి గాటు లేదు. కావాలనుకుంటే సెలవుకు వచ్చి మీరే పెట్టుకోండి. మావయ్య ఉలి మీరు పెట్టిన గూట్లోనే ఉంది, నేను ముట్టుకోలేదు. స్టూలు వేయాలంటే మాత్రం అత్తయ్యను లేపి మంచం జరపాలి.

ఆదివారం ఫోన్ నేనే ఎత్తి, మీ గొంతు వినగానే బావగారి చేతికి ఇచ్చేస్తాను. ఆయన ‘ఏరా చిన్నోడా’ అంటారు. మీరు ‘అన్నా’ అనండి చాలు. మిగతాదంతా మీ తరఫున నేను చెప్పేశాను.

ఇట్లు,
సుకన్య వాళ్లమ్మ,
ప్రసన్నలక్ష్మి